తనదైన దారి గల బండి

సికింద్రాబాదు నుంచి మెట్టుగూడ, హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా వరంగల్లు వైపు సాగే పెద్ద రోడ్డు, లాలాపేట వైపు నుంచి వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ గుండా విద్యానగర్, అడిక్‌మెట్‌ల వైపు పోయే మరో రోడ్డు తార్నాక కూడలిలో ఒకదాన్నొకటి దాటుతాయి. ఆ కూడలికి అటూ ఇటూ కొద్ది దూరంలోనే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), జాతీయ పోషకాహార సంస్థ, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), ఆర్టీసీ ఆసుపత్రి ఉన్నాయి. వీటికి తోడు 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైన నాటి నుంచి నగరం నలుమూలల విద్యార్థులను రప్పించుకుంటున్న విశ్వవిద్యాలయం ఉంది. వీటిలో పనిచేసేవాళ్లు, చదువుకునేవాళ్లు, వైద్యానికి వచ్చేవాళ్లు దాదాపు ఒకే వేళకు బయలుదేరుతారు, ఉప్పల్ వైపు కాలనీల నుంచి సికింద్రాబాదు చేరవలసినవాళ్లు కూడా సరిగ్గా ఆ వేళకే ఇదే కూడలిని దాటాలి. రోడ్డు మీద రద్దీ ఎలా పుడుతుందో, అది మనిషిని ఎందుకంతగా విసిగిస్తుందో, నగరాలు ఒకప్పుడు వదిలేసిన ట్రాము మళ్లీ ఎందుకు ఆశ పెడుతోందో పరిశీలించడానికి తార్నాక అన్ని విధాలా తగిన చోటు.

రోడ్డు మీద వాహనాల రాకపోకలను మూడు కొలతలతో వర్ణించవచ్చు. కిలోమీటరు పొడవున ఎన్ని వాహనాలున్నాయో చెప్పేది సాంద్రత, అవి ఎంత త్వరగా కదులుతున్నాయో చెప్పేది వేగం, ఒక చోట నిలబడి చూస్తే గంటలో ఎన్ని దాటిపోయాయో చెప్పేది ప్రవాహం. సాంద్రతను వేగంతో హెచ్చవేస్తే ప్రవాహం వస్తుంది. అమెరికా ఇంజనీరు బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ రోడ్డు పక్కన కెమెరా పెట్టి తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా 1935లో ప్రచురించిన అధ్యయనంలో, సాంద్రత పెరిగిన కొద్దీ వేగం తగ్గుతుందని, అందువల్ల ప్రవాహం ఒక శిఖరం దాకా పెరిగి అక్కడి నుంచి దిగజారుతుందని చూపాడు. ఉదాహరణకు ఒక వరుసలో కిలోమీటరుకు 20 వాహనాలు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గంటకు 1000 దాటుతాయి. 50 వాహనాలు 35 కిలోమీటర్ల వేగంతో పోతే 1750 దాటుతాయి. 100 వాహనాలు ఇరుక్కుని 10 కిలోమీటర్ల వేగంతో పాకుతుంటే మళ్లీ 1000 మాత్రమే దాటుతాయి. అంటే ఖాళీగా కనిపించే రోడ్డూ కిక్కిరిసిన రోడ్డూ గంటకు ఒకే సంఖ్యలో మనుషులను చేరవేయవచ్చు గానీ, రెండో దాని మీద ప్రతి ఒక్కరూ అయిదింతల సమయం చెల్లిస్తారు. రద్దీలో రోడ్డు నిండుగా పనిచేస్తున్నదన్న భావన సరికాదు. సరిగ్గా అందరికీ అవసరమైన వేళకే దాని చేవ తగ్గిపోతుంది.

ఈ పతనానికి ప్రమాదమో, గుంతో, అడ్డంగా ఆగిన లారీయో కారణం కానక్కరలేదు. జపాన్‌లో యూకి సుగియామా బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో 230 మీటర్ల చుట్టుకొలత గల వలయాకార దారి మీద 22 కార్లను సమాన దూరాల్లో నిలిపి, అందరూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నడపాలని కోరారు. కొంతసేపు సాఫీగా నడిచాక, ఏ అడ్డంకీ లేకుండానే ఒక చోట కార్లు ఆగిపోయాయి. ముందున్న కారు కొద్దిగా తగ్గితే వెనుకవాడు కొంచెం ఎక్కువ తగ్గించడం, ఆ వెనుకవాడు ఇంకొంచెం ఎక్కువ తగ్గించడం వల్ల చిన్న తడబాటు పెరిగి పూర్తి ఆగుడుగా మారింది. ఆ ఆగుడు తానున్న చోట ఉండక, వాహనాలు పోయే దిశకు ఎదురుగా, గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి ప్రయాణించింది. హబ్సిగూడ దగ్గర ఏ కారణమూ కనిపించకుండా ఆగి, మళ్లీ ఏ కారణమూ కనిపించకుండా కదిలిన వాహనదారుడికి తగిలింది చాలాసార్లు ఇలాంటి అలే. దాని మూలం అతడికి అర కిలోమీటరు ముందు, ఒకటి రెండు నిమిషాల కింద జరిగిపోయి ఉంటుంది.

మన రోడ్ల మీద ఈ లెక్క మరింత చిక్కుపడుతుంది, ఎందుకంటే ఇక్కడ కార్లు మాత్రమే ఒక వరుసలో పోవు. స్కూటర్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు, సిటీ బస్సులు, నీళ్ల ట్యాంకర్లు ఒకే వెడల్పును పంచుకుంటాయి. వీటన్నిటినీ ఒకే కొలతలోకి తేవడానికి ఇంజనీర్లు కారును ప్రమాణంగా తీసుకుని, ఏ వాహనం ఎన్ని కార్ల పాటి చోటు ఆక్రమిస్తుందో అంచనా కడతారు. భారతీయ రోడ్డు కాంగ్రెసు మార్గదర్శకాల్లో ద్విచక్ర వాహనం సుమారు అర కారు, పెద్ద బస్సు రెండు నుంచి మూడున్నర కార్లకు పైగా లెక్కకు వస్తాయి, మిగతా వాహనాల మధ్య వాటి వాటాను బట్టి ఆ విలువ మారుతుంది. ఈ లెక్కలో బస్సు పెద్ద దోషిలా కనిపిస్తుంది. కానీ మూడు కార్ల చోటు తీసుకున్న బస్సులో యాభై అరవై మంది ఉంటారు, మూడు కార్లలో కలిపి నలుగురైదుగురే ఉంటారు. వాహనాలను లెక్కపెట్టే పద్ధతి మనుషులను లెక్కపెట్టదన్న ఈ ఒక్క లోపమే దశాబ్దాలుగా నగర రోడ్ల వెడల్పును తప్పుదారిన ఖర్చు చేయించింది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను గాక మనుషులను కదిలించడమే లక్ష్యమని స్పష్టంగా ప్రకటించింది. ఆ మాట రోడ్డు మీద గీతగా మారడమే మిగిలింది.

కూడలి దగ్గర ఇంకొక సంగతి తోడవుతుంది. పచ్చదీపం వెలిగినప్పుడు ఒక వరుసలో నుంచి సుమారు రెండు సెకన్లకొక కారు చొప్పున, అంటే గంటకు దాదాపు 1800 కార్ల రేటున వాహనాలు బయటపడతాయి. దీన్ని సంతృప్త ప్రవాహం అంటారు. పచ్చదీపం గంటలో నాలుగో వంతు సేపే ఒక వైపుకు దొరికితే ఆ వరుస చేవ 450కి పడిపోతుంది. ఇప్పుడు ఒక వైపు నుంచి రెండు నిమిషాల సిగ్నలు చక్రానికి 30 వాహనాలు దాటగలవనుకుని, రద్దీ వేళ 33 వస్తున్నాయనుకుంటే, ప్రతి చక్రానికీ మూడు మిగిలిపోతాయి. ఈ మూడు చూడడానికి స్వల్పమే. కానీ నలభై నిమిషాలు గడిచేసరికి అవి అరవై అవుతాయి, అప్పుడు వచ్చి చేరినవాడు రెండు పచ్చదీపాలు చేజారాక గానీ దాటలేడు. తరువాత రాక తగ్గి చక్రానికి 27 మాత్రమే వచ్చినా ఆ అరవై కరగడానికి మరో నలభై నిమిషాలు పడుతుంది. అందుకే ఆఫీసుల వేళ ముగిసినా రద్దీ ముగియదు, చేవకు మించినది పదింట ఒక వంతే అయినా నష్టం పదింట ఒక వంతు దగ్గర ఆగదు. ఇదే లెక్కను తిరగేస్తే ఆశ కలిగించే విషయం ఒకటి కనిపిస్తుంది: వంద వాహనాల్లో పది పన్నెండు తగ్గినా క్యూ మొత్తం మాయమవుతుంది.

తార్నాకలో ఈ చిక్కును రెండు విధాలుగా పరిష్కరించ చూశారు. నాలుగు రోడ్ల కూడలిలో వాహనాల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు మొత్తం 32 ఉంటాయి, వాటిలో 16 అడ్డంగా కోసుకునేవి, మిగిలినవి విడిపోయేవీ కలిసేవీ. కూడలి నడుమను మూసేసి, కుడివైపు తిరగవలసినవాళ్లనూ పెద్ద రోడ్డును అడ్డంగా దాటవలసినవాళ్లనూ ముందుకో ఎడమకో పంపి కొంత దూరంలో యూటర్న్ తీసుకోమంటే ఆ అడ్డకోతలు పోతాయి, సిగ్నలు అక్కరలేకుండా అందరూ కదులుతూ ఉంటారు. చాలా ఏళ్లు తార్నాక ఈ పద్ధతిలోనే నడిచింది. అయితే యూటర్న్‌కు పోయే వాహనం తక్కువ దూరంలో ఎడమ అంచు నుంచి కుడి అంచుకు అన్ని వరుసలనూ కోసుకుంటూ చేరాలి, తిరిగాక మళ్లీ అవతలి అంచుకు పోవాలి. దీన్ని అల్లిక కదలిక అంటారు, మెట్రో స్తంభాలు రోడ్డు నడిమి భాగాన్ని ఆక్రమించిన చోట ఇది మరీ కష్టం. పైగా ప్రతి మలుపుకూ అదనపు దూరం, రోడ్డు దాటవలసిన పాదచారికి ఎడతెగని ప్రవాహం తప్పవు. 2025లో కూడలిని ప్రయోగాత్మకంగా తిరిగి తెరిచి సిగ్నళ్లతో నడిపి చూశారు. వీటిలో ఏది మంచిదన్నది వాహనాల వాటాలను బట్టి మారే ప్రశ్న. రెండూ ఉన్న చేవను అటూ ఇటూ సర్దగలవే తప్ప, యాభై మందిని మోసే బస్సునూ ఒక్కరిని మోసే కారునూ ఒకే క్యూలో నిలబెట్టడాన్ని ఏదీ మార్చలేదు.

ఆ క్యూలో నిలబడిన మనిషి విసుగును శాస్త్రం చాలాకాలంగా పట్టించుకుంది. కాలిఫోర్నియాలో రేమండ్ నొవాకో, డేనియల్ స్టోకల్స్ తదితరులు 1970ల చివరి నుంచి జరిపిన అధ్యయనాల్లో ప్రయాణపు దూరాన్నీ సమయాన్నీ కలిపి అడ్డగింత అనే కొలతగా తీసుకుని, అది పెరిగిన కొద్దీ రక్తపోటు, చిరాకు, చేపట్టిన పని మీద ఓర్పు ఎలా మారతాయో చూశారు. డేనియల్ కానెమన్ బృందం 2004లో టెక్సాస్‌కు చెందిన 909 మంది ఉద్యోగినులు తమ దినచర్య గురించి ఇచ్చిన వివరాలను విశ్లేషించినప్పుడు, రోజు మొత్తంలో అతి తక్కువ సంతోషం కలిగించే పనుల్లో ఉదయపు ప్రయాణం ఒకటని తేలింది. ఇక రవాణా లెక్కల్లో, కదులుతున్న బండిలో గడిచే నిమిషం కన్నా స్టాపులో వేచి ఉండే నిమిషాన్ని మనుషులు దాదాపు రెట్టింపు భారంగా ఎంచుతారన్నది ఎన్నో దేశాల్లో స్థిరపడిన విషయం. ఆలస్యం ఎంత అన్నదాని కన్నా ఆలస్యం ఎంతో తెలియకపోవడం ఎక్కువ బాధిస్తుంది. రోజూ నలభై నిమిషాలు పట్టే దారికి మనిషి నలభై నిమిషాల ముందు బయలుదేరి స్థిమితంగా కూర్చోగలడు. ఒకనాడు పాతిక, మరొకనాడు యాభై అయిదు పట్టే దారికి ప్రతిరోజూ యాభై అయిదు కేటాయించాలి, లేదా పరీక్ష రోజునో ఇంటర్వ్యూ రోజునో నష్టపోవాలి. సగటు ఒకటే అయినా రెండో దారి మనిషి జీవితం నుంచి ఎక్కువ తీసుకుంటుంది.

బస్సు కోసం నిలబడినవాడి విషయంలో ఈ అనిశ్చితిని చిన్న సూత్రంతో కొలవవచ్చు. పది నిమిషాలకొక బస్సు సరిగ్గా వస్తే, ఏదో ఒక క్షణంలో స్టాపుకు వచ్చినవాడు సగటున అయిదు నిమిషాలు వేచి ఉంటాడు. అదే సంఖ్యలో బస్సులు రెండు నిమిషాలకొకటి, పద్దెనిమిది నిమిషాలకొకటి చొప్పున మార్చి మార్చి వస్తే సగటు నిరీక్షణ ఎనిమిది నిమిషాలు దాటుతుంది, ఎందుకంటే ఎక్కువమంది ఆ పెద్ద ఖాళీలోనే వచ్చి చేరతారు. ఒక బస్సు కూడా తగ్గలేదు, ఖర్చు మారలేదు, కానీ సేవ బాగా దిగజారింది. బస్సులు ఇలా జతకట్టడం సిబ్బంది నిర్లక్ష్యం వల్ల జరుగుతుందని చాలామంది కోప్పడతారు గానీ, గోర్డన్ న్యూయెల్, రెన్‌ఫ్రీ పాట్స్ 1964లోనే చూపినట్లు ఇది ఆ వ్యవస్థలో సహజంగా ఉన్న అస్థిరత. రోడ్డు మీద చిక్కి ఆలస్యమైన బస్సు కోసం స్టాపులో ఎక్కువమంది పోగవుతారు, వాళ్లు ఎక్కడానికి ఎక్కువసేపు పట్టి ఆ బస్సు మరింత ఆలస్యమవుతుంది. వెనుక వచ్చే బస్సుకు తక్కువమంది మిగలడం వల్ల అది వేగంగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఎక్కేవాళ్ల సంఖ్య పెరగడం ఎంతో మేలైన పరిణామం. అయితే ఎక్కేవాళ్లు ఎక్కువైన చోట రోడ్డు మీది చిన్న తడబాటు కూడా ఎక్కువగా పెరుగుతుంది కనుక, ఇప్పుడు బస్సుకు ఖాళీ దారి మునుపటి కన్నా ఎక్కువ అవసరం.

ట్రాము మీద మోజు ఇక్కడ మొదలవుతుంది. రోడ్డు మట్టానికి సమంగా పరిచిన పట్టాల మీద, తలపై తీగ నుంచి విద్యుత్తు తీసుకుని నడిచే బండి ట్రాము; మెట్రోకు ఉన్నట్లు ఎత్తైన వంతెన గానీ సొరంగం గానీ దానికి అక్కరలేదు, ప్రయాణికుడు మెట్లెక్కకుండా కాలిబాట మీద నుంచే ఎక్కగలడు. ఇప్పటి ట్రాములు 30 నుంచి 45 మీటర్ల పొడవుంటాయి, ఒక్కొక్కదానిలో రెండు మూడు వందల మంది పడతారు. మూడు నిమిషాలకొక ట్రాము, దానిలో 250 మంది అనుకుంటే ఒక దిశలో గంటకు 5000 మంది పోతారు. కూడలిలో పచ్చదీపం అయిదింట రెండు వంతుల సేపు దొరికే ఒక వరుస మీద కార్లయితే గంటకు 720, కారుకు ఒకటిన్నర మంది చొప్పున సుమారు 1080 మంది; అన్నీ ద్విచక్ర వాహనాలే అయితే సుమారు 1700 మంది దాటగలరు. మోటారు సైకిలు కారు కన్నా చోటును పొదుపుగా వాడుతుందన్న నిజాన్ని కాదనకుండానే, ట్రాము దానికి మూడింతలు మోస్తుందని ఈ ఉజ్జాయింపు లెక్క చెబుతుంది. అదే వరుసను బస్సులకే కేటాయించి నిమిషానికొకటి నడిపితే 3000 మంది పోతారన్న సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది; దాన్ని మరచిపోకూడదు.

పట్టాల వల్ల వచ్చే లాభనష్టాలు రెండూ ఉక్కు మీద ఉక్కు దొర్లడం నుంచే వస్తాయి. దొర్లే చక్రం రోడ్డు మీద కొద్దిగా నలుగుతూ తేరుకుంటూ ఉండడం వల్ల కలిగే ఆటంకాన్ని దొర్లుడు నిరోధం అంటారు; కారు టైరుకు అది బరువులో నూటికి ఒక వంతు, కొంచెం పైన, శుభ్రమైన రైలు పట్టా మీద ఉక్కు చక్రానికి వెయ్యింట ఒకటి రెండు వంతులే. అయితే వీధిలో పరిచే గాడి పట్టాలో దుమ్ము, మట్టి చేరతాయి కనుక ట్రాముకు ఆ నిరోధం వెయ్యింట అయిదు వంతుల దాకా పెరగవచ్చు, కాబట్టి మన వీధుల్లో రైలుకున్నంత పొదుపును ట్రాము నుంచి ఆశించరాదు. బ్రేకు వేసినప్పుడు మోటారును జనరేటరుగా మార్చి విద్యుత్తును తీగలోకి తిరిగి పంపడం వల్ల కొంత పూడుతుంది. రెండో వైపు, జారుడు ఎక్కువ కనుక ఆగడం కష్టం: గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు గట్టిగా బ్రేకు పట్టాక అయిదు మీటర్లలో ఆగితే, ట్రాము మామూలు బ్రేకుతో ముప్పై మీటర్ల దాకా పోతుంది, పట్టాను అయస్కాంతంతో అంటుకునే అత్యవసర బ్రేకుతో కూడా పన్నెండు మీటర్లు పడుతుంది. పక్కకు తప్పుకోవడం దానికి రాదు. పట్టా గాడిలో స్కూటరు చక్రం దిగబడడం, వానలో తడిసిన ఉక్కు మీద జారడం ద్విచక్ర వాహనాలు ఇన్ని ఉన్న నగరంలో చిన్న ప్రమాదాలు కావు. ఇన్నీ చూశాక ఒక విషయం తేటతెల్లమవుతుంది: ట్రాము మిగతా వాహనాల మధ్య కలిసి నడవడానికి పుట్టిన బండి కాదు.

తెలుగువాళ్లకు ట్రాము కొత్తదేమీ కాదు. దేశంలో మొదటి విద్యుత్ ట్రాము 1895 మే 7న తెలుగు, తమిళ జిల్లాలకు ఉమ్మడి రాజధాని అయిన మద్రాసులోనే నడిచింది. చదువుకో, కోర్టు పనికో, పత్రికలకో, సినిమాలకో ఆ నగరం చేరిన రెండు మూడు తరాల తెలుగువాళ్లకు అది నిత్యం ఎక్కే బండి. 1953 ఏప్రిల్ 12న ఆ ట్రాములు ఆగిపోయాయి, ఆ ఏడాదే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బొంబాయిలో 1907లో మొదలైన విద్యుత్ ట్రాము 1964 మార్చి 31తో ముగిసింది, ఢిల్లీలోనూ ఇంచుమించు ఆ కాలంలోనే పోయింది. 1902 నుంచి విద్యుత్తుతో నడుస్తున్న కలకత్తా ట్రాము ఒక్కటే నిలిచింది, దాన్ని కూడా మైదాను దగ్గరి ఒక్క మార్గానికి కుదించే ఉద్దేశాన్ని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఈ పతనాన్ని పాతది పోయి కొత్తది రావడంగా చెప్పుకుంటారు గానీ, కలకత్తాలో ఒకప్పుడు ట్రాములకే ప్రత్యేకంగా ఉన్న పట్టీలను మిగతా రోడ్డులో కలిపేశాక అవి కార్ల వెనుక నిలబడవలసి వచ్చిందన్న విషయం అసలు కారణానికి దగ్గరగా ఉంది. తన దారి పోయాక, పక్కకు తప్పుకోలేని బండి బస్సు కన్నా హీనమవుతుంది. హీనమైనదాన్ని జనం ఎక్కరు. జనం ఎక్కనిదాన్ని ఎత్తేయమని అడగడం సులభం.

దీనికి తిరుగుదారి పట్టిన నగరాల్లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ముఖ్యమైనది. అక్కడ భూగర్భంలో డ్రైవరు లేని చిన్న మెట్రో కట్టాలా, వీధి మీద ట్రాము వేయాలా అన్నది 1989 నగర ఎన్నికల్లోనే పెద్ద వివాదమైంది. భూగర్భ మార్గమైతే పైనున్న కార్లను కదిలించనక్కరలేదు. ట్రాము అయితే కార్ల నుంచి వీధిని తీసుకోక తప్పదు. ఆ ఎన్నికల్లో గెలిచి మేయరైన కాథరీన్ ట్రౌట్‌మన్ ట్రామును ఎంచుకుని, నగర నడిబొడ్డున కార్లు అడ్డంగా దాటిపోయే వీలు లేకుండా చేశారు, 1994లో తొలి మార్గం ప్రారంభమైంది. అక్కడ ట్రాము విజయంగా చెప్పుకునేదాంట్లో సగం నిజానికి ఆ వీధి నిర్ణయానిది. ఆధునిక ట్రామును తక్కువ ఖర్చు మెట్రోగా మాత్రమే చూసి, రోడ్డు మీద దానికి చోటు ఇవ్వడానికి వెనకాడే ప్రణాళికలు ఈ సగాన్ని వదిలేస్తున్నాయి.

తార్నాకకే ప్రత్యేకంగా వర్తించే మరో శాస్త్ర విషయం ఉంది. ట్రాముకు తీగ ద్వారా వచ్చిన ఏకముఖ విద్యుత్తు పట్టాల ద్వారా తిరిగి పోతుంది, అందులో కొంత పట్టాలను వదిలి నేలలోకి దారితప్పుతుంది. ఈ తప్పిపోయిన విద్యుత్తు భూమిలోని ఇనుప గొట్టాలను తినేయడమే గాక తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అది భూమి అయస్కాంతత్వపు కొలతలను చెడగొడుతుంది. లండన్ పరిసరాల్లోని క్యూ అనే చోట ఉన్న పరిశీలనశాలలో సాగే ఆ కొలతల పనిని ట్రాముల మూలంగా స్కాట్లండ్‌లోని ఎస్క్‌డేల్‌మ్యూర్‌కు తరలించవలసి వచ్చింది; బొంబాయి ట్రాములకు విద్యుత్తు రాబోతోందని తెలిసి కొలాబా పరిశీలనశాల అధిపతి నానాభాయ్ మూస్ ముందుచూపుతో అలీబాగ్‌లో కొత్త అయస్కాంత పరిశీలనశాల నిర్మింపజేశారు, 1904 నుంచి అక్కడ కొలతలు సాగుతున్నాయి. రెండు చోట్లా కొన్నాళ్లు ఒకేసారి కొలిచి పోల్చి చూడడం వల్ల కొలాబాలో పంతొమ్మిదో శతాబ్దం నుంచి సాగిన కొలతల వరుస తెగకుండా నిలిచింది. హబ్సిగూడ దగ్గరి భూభౌతిక పరిశోధన సంస్థ కూడా నగర రొదకు దూరంగా చౌటుప్పల్‌లో అయస్కాంత పరిశీలనశాలను ఏర్పాటు చేసుకుంది. కనుక ఇక్కడ ఏ పట్టాలు వేసినా వాటిని నేల నుంచి జాగ్రత్తగా వేరుచేయడం, కంపనాలను అదుపు చేయడం ఖర్చులో భాగంగా మొదటే రాసుకోవలసినవి.

హైదరాబాదుకు ఈ విషయంలో తనదైన వారసత్వం ఒకటి ఉంది. నిజాం ప్రభుత్వ రైల్వే 1932లో తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. అంటే రైళ్లను నడిపే చేతే బస్సులనూ నడిపింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. ఆ తరువాత ఆ చేతులు విడిపోయాయి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లకు విశ్వవిద్యాలయం అంచున ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా స్టేషన్లు ఉన్నా రైలుకు రైలుకు మధ్య ఎడం ఎక్కువ. 2017 నవంబరులో నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్‌కు ప్రారంభమైన మెట్రో తార్నాక మీదుగా పోతుంది గానీ విశ్వవిద్యాలయంలోకి రాదు. తార్నాక స్టేషన్ నుంచి ఆర్ట్స్ కాలేజీకి సుమారు రెండు కిలోమీటర్లు. హైటెక్ సిటీ వైపు నుంచి గాలిలో తేలినట్లు వచ్చిన విద్యార్థిని ఆ చివరి రెండు కిలోమీటర్లకు ఎండలో నడవాలి, ఆటోతో బేరమాడాలి, లేదా అదే కూడలిలో ఇరుక్కున్న బస్సు కోసం చూడాలి. ఇలాంటి చివరి ముక్కే చాలామందిని మెట్రో మానిపించి మోటారు సైకిలు ఎక్కిస్తుంది.

రవాణా శాస్త్రంలో డౌన్స్–థాంసన్ వైరుధ్యం అని పిలిచే ఒక ఫలితం ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. ఆంథొనీ డౌన్స్ 1960ల మొదట్లో, మైకేల్ థాంసన్ 1970లలో గుర్తించినదాని సారం ఇది: నిండిపోయిన నగరంలో రద్దీ వేళ కారు ప్రయాణానికి పట్టే సమయం, అదే చోటికి ప్రజా రవాణాలో ఇంటి గుమ్మం నుంచి గమ్యం దాకా పట్టే సమయంతో సమానమయ్యే దిశగా సర్దుకుంటుంది. రోడ్డు కొంచెం ఖాళీ అయితే రైలు దిగి కారెక్కేవాళ్లుంటారు, రోడ్డు మరీ నిండితే కారు వదిలి రైలెక్కేవాళ్లుంటారు; రెండు సమయాలు సమం అయ్యేదాకా ఈ మార్పిడి సాగుతుంది. అందువల్ల రోడ్డును వెడల్పు చేస్తే ఆ లాభం త్వరలోనే నిండిపోతుంది, రైలెక్కేవాళ్లు తగ్గి రైళ్లు కూడా తగ్గితే చివరికి అందరి సమయమూ పెరగవచ్చు. దీనికి విరుద్ధంగా, మెట్రో స్టేషన్ నుంచి తరగతి గది దాకా పట్టే సమయాన్ని పది నిమిషాలు తగ్గిస్తే, ఎన్నడూ మెట్రో ఎక్కని కారు యజమాని కూడా తార్నాక కూడలిని త్వరగా దాటగలుగుతాడు. ఎంచుకునే వీలున్న ప్రయాణికులు తగినంతమంది ఉన్నచోటే ఈ సూత్రం పనిచేస్తుంది; బస్సు పాసు మీద తిరుగుతూ, బండి కొనుక్కోవాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండే విద్యార్థులు వేల మంది ఉన్న తార్నాక సరిగ్గా అలాంటి చోటు.

ఈ దృష్టితో చూస్తే, తార్నాక మెట్రో నుంచి ఆర్ట్స్ కాలేజీ మీదుగా విద్యానగర్ వైపు పోయే ఆవరణ మార్గం నగరంలో ట్రాము లాంటి సేవకు అత్యంత అనువైన ముక్కల్లో ఒకటి. దాని చుట్టూ ఉన్న నేల అధిక భాగం ఒకే సంస్థది, దుకాణాల వరుసలు తక్కువ, ఆ మూలా ఈ మూలా మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్లున్నాయి, వచ్చిపోయేవాళ్లు రోజంతా ఉంటారు. అక్కడ ఇప్పుడు నడుస్తున్న వాహనాల్లో విశ్వవిద్యాలయంతో ఏ పనీ లేక అడ్డదారిగా వాడుకునేవి కూడా ఉన్నాయి. తరగతి గదుల నడుమ నుంచి వాటిని పోనివ్వడం చదువుకూ మంచిది కాదు, భద్రతకూ మంచిది కాదు. అయినప్పటికీ మొదటి రోజే పట్టాలు పరచమనడం పైన వేసిన లెక్కలకు విరుద్ధం. విడదీసిన వరుస మీద విద్యుత్ బస్సు నిమిషానికొకటి నడిస్తే మూడు వేల మందిని మోయగలదు, అది చాలని రోజున గానీ ట్రాము అదనపు చేవకు అర్థం లేదు. ట్రాములో ప్రయాణికుడు కోరుకునే కుదుపులేని నడక, చెప్పిన వేళకు రావడం, తన ముందు ఖాళీగా ఉండే దారి అన్న మూడింటిలో చివరి రెండూ దారిని విడదీయడం ద్వారానే వస్తాయి.

కాబట్టి విశ్వవిద్యాలయం, నగరపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసులు, ఆర్టీసీ, మెట్రో 1932లో ఒకే కార్యాలయం చేసిన పనిని ఇప్పుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని చేయాలి. మెట్రో మెట్లు దిగిన చోటు నుంచి ఆర్ట్స్ కాలేజీ ముంగిటి దాకా రెండు దిశల్లోనూ మూడున్నర మీటర్ల వెడల్పును బస్సులకే విడిచి, దానికి గట్టు కట్టి, కూడలిలో ఆ వరుసకు ముందు పచ్చదీపం ఇవ్వాలి. ఏడాదిపాటు అలా నడిపి మనుషులను లెక్కపెట్టాలి. ఆ వరుస మీద బస్సులు కిక్కిరిసి ఇక చాలవని తేలిన రోజున పట్టాల ఖర్చు లెక్క తీయాలి.